గవర్నరుపేటలో అసెంబుల్ చేయించిన 60 వేల గేమింగ్ కంప్యూటర్, ఏడాదిన్నర వాడిన తర్వాత

మా మేనల్లుడు ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా, 2024 మే నెలలో, గేములు ఆడుకోవడానికీ కాలేజీ పనికీ పనికివచ్చే కంప్యూటర్ ఒకటి అసెంబుల్ చేయించే పని నా మీద పడింది. మా చెల్లెలు పెట్టిన షరతులు రెండే: లెక్క 60 వేల రూపాయలు దాటకూడదు, ఈఎంఐల జోలికి పోకూడదు. 1080పీ మానిటరూ కీబోర్డూ మౌసూ ఇంట్లో పాతవి ఉన్నాయి కాబట్టి డబ్బంతా క్యాబినెట్ లోపలి సరుకు మీదే పెట్టగలిగాము. అప్పటి నుంచి ఏడాదిన్నర పైగా, రెండు విజయవాడ వేసవులు దాటి, ఆ కంప్యూటర్ నడుస్తూనే ఉంది. ఏ భాగం ఎందుకు ఎంచుకున్నామో, కొన్న దుకాణం ఎలా ఉందో, ఎక్కడ పొరపడ్డామో వివరంగా రాయడానికి ఇప్పుడు తగిన అనుభవం ఉందని అనుకుంటున్నాను.

విజయవాడలో కంప్యూటర్ దుకాణాలుండే గవర్నరుపేటలో ఒక సాయంత్రమంతా తిరిగి మూడు కొటేషన్లు రాయించుకున్నాము. మొదటి చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టుగా: ‘ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్, 450 వాట్స్ ఎస్‌ఎంపీఎస్, ఆర్‌జీబీ గేమింగ్ క్యాబినెట్, 27,500’. ఎస్‌ఎంపీఎస్ అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా, ఎస్‌ఎస్‌డీ అంటే ఫైళ్లు దాచే భాగం. ఆ చీటీ చూడగానే మా వాడి కళ్లు మెరిశాయి. సగం డబ్బుకే ఐ5 వస్తోందంటే ఎవరికి మాత్రం ఆశ కలగదు? అది ఏ తరం ఐ5 అని అడిగితే ‘థర్డ్ జెన్ సార్, సూపర్‌గా నడుస్తుంది’ అన్నారు. అంటే 2012 నాటి ఐ5-3470. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపించగల పనుల వరుసలు), విండోస్ 11 జాబితాలో చోటే లేని ప్రాసెసర్. ఇక ‘4 జీబీ గ్రాఫిక్స్’ అన్నది డీడీఆర్3 అనే పాత, నెమ్మదైన మెమరీతో వచ్చే జీటీ 730 అని తేలింది. అది 2014లో విడుదలైన కార్డు. మానిటర్‌కు బొమ్మ ఇవ్వడానికి పనికివస్తుందే తప్ప గేములకు కాదు. మెమరీ ఎంత ఉందన్నది కార్డు వేగాన్ని చెప్పదు. గంగాళం పెద్దదైనంత మాత్రాన కుళాయిలో నీళ్ల ధార పెరగదు కదా.

రెండో చీటీ 52 వేలకు వచ్చింది, కొంత నయం కూడా. అందులో రైజెన్ 5 5600జీ, బి450 రకం మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, ‘ఆర్‌టీఎక్స్ 3050’, ‘550 వాట్స్ ఎస్‌ఎంపీఎస్’ ఉన్నాయి. ఇక్కడ మాత్రం జాగ్రత్తగా చదవవలసి వచ్చింది, ఎందుకంటే ఆర్‌టీఎక్స్ 3050 అనే ఒకే పేరు మీద అప్పట్లో రెండు వేర్వేరు సరుకులు అమ్మేవారు. మొదట వచ్చినది 8 జీబీ మెమరీ, 128 బిట్ల బస్సు (కార్డు చిప్‌కూ దాని మెమరీకీ మధ్య సమాచారం పారే దారి), 2560 కోర్లు, 130 వాట్లు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీ రకానికి బస్సు 96 బిట్లకు, కోర్లు 2304కు, వాట్లు 70కి తగ్గిపోయాయి. చీటీలో 6 అనీ లేదు, 8 అనీ లేదు. అడిగితే 6 జీబీదే. ఆ కార్డు పనికిరానిదని కాదు. విడిగా పవర్ కేబుల్ అక్కర్లేకుండా స్లాటు నుంచే కరెంటు తీసుకుంటుంది కాబట్టి ఆఫీసుల్లో వాడేసిన పాత సిస్టమ్‌లో పెట్టుకునే వారికి అది మంచి మందే. కొత్తగా కట్టించుకునే వారికి మాత్రం అప్పట్లో దాదాపు ఆ ధరలోనే అంతకంటే చాలా వేగమైనది దొరికేది.

రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని, బస్సు స్టాండు దగ్గర టీ తాగుతూ చూసినప్పుడు ఒక సంగతి స్పష్టమైంది. లాభం ఎక్కువ మిగిలే చోటే మోడల్ పేరు రాయకుండా వదిలేస్తున్నారు. ప్రాసెసర్ పేరు అందరూ అడుగుతారు కాబట్టి కనీసం సగమైనా రాస్తారు. ఎస్‌ఎంపీఎస్ దగ్గర వాట్ల అంకె, ఎస్‌ఎస్‌డీ దగ్గర జీబీల అంకె, ర్యామ్ దగ్గర మొత్తం జీబీలు తప్ప మరేమీ ఉండవు. అందువల్ల మూడో దుకాణంలో ధర అడగడానికి ముందే, ప్రతి భాగానికీ కంపెనీ పేరు, పూర్తి మోడల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లన్నది వరుసగా రాసి ఇమ్మని అడిగాము. కౌంటరులో ఉన్నాయన కొద్దిగా చిరాకు పడ్డాడు కానీ, లోపలి నుంచి ఆయన అన్నగారు వచ్చి ఓపికగా అన్నీ రాసిచ్చాడు. చివరికి సరుకు అక్కడే తీసుకున్నాము. తరువాత చెప్పబోయే పొరపాట్ల వల్ల దుకాణం పేరు మాత్రం రాయడం లేదు.

మేము తీసుకున్నవీ వాటికి ఇచ్చిన ధరలూ ఇవి. రైజెన్ 5 5600 ప్రాసెసర్ 11,200; బి550ఎం బోర్డు 8,900; 3200 వేగం గల డీడీఆర్4 ర్యామ్ 8 జీబీవి రెండు కలిపి 3,300; 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 5,400; ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు 20,400; బ్రాంజ్ ముద్ర ఉన్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 4,100; ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్ 3,200. అసెంబ్లింగ్ కూలి 500తో కలిపి మొత్తం 57,000 అయింది. ఇవి 2024 మే నాటి ధరలని గుర్తుంచుకోవాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి ఇప్పుడు ఆ ఒక్క వరుసనూ కొట్టేసి కొత్తగా లెక్క వేసుకోవడం మంచిది.

ప్రాసెసర్ విషయంలో మేము ఎక్కువ తర్జనభర్జన పడలేదు. 5600లో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) ఉంటాయి. 65 వాట్ల రకం. కూలర్ పెట్టెలోనే వస్తుంది. రెండో చీటీలోని 5600జీ పేరులో ఒక్క అక్షరమే తేడా అయినా ఎల్3 క్యాష్ సగమే, 16 ఎంబీ. పైగా గ్రాఫిక్స్ కార్డు స్లాటు పాత తరం పీసీఐఈ 3.0 వేగానికే పరిమితమవుతుంది (పీసీఐఈ అంటే కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య సమాచారం పారే దారి). దానికి బదులు దాని లోపలే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, 5600లో అది ఉండదు. అప్పట్లో 35 వేలే చేతిలో ఉండి, కార్డు మరో ఏడాదికి కొనుక్కుందామనుకునే వారికి 5600జీ సరైన ఎంపిక. కార్డుతో కలిపి ఒకేసారి కొనేవారికి 5600. ఈ వాక్యం రాస్తున్నప్పుడు నా మనసులో చిన్న మెలిక ఉంది, దాని సంగతి చివర వస్తుంది. ఇంటెల్ వైపు నుంచి ఐ3-12100ఎఫ్ కూడా గట్టి పోటీదారే. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే అయినా గేముల్లో బాగా నెగ్గుకొస్తుంది, అప్పట్లో మూడు వేలకు పైగా మిగిలేది కూడా. మా వాడు కాలేజీ ప్రాజెక్టుల కోసం వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్లు) నడుపుతానన్నాడు కాబట్టి ఆరు కోర్ల వైపే మొగ్గాము.

బోర్డు మీద మాత్రం కొంత దుబారా చేశామని ఒప్పుకోవాలి. బి450 బోర్డు రెండున్నర వేలు తక్కువకు దొరికేది. ఆర్‌ఎక్స్ 6600 ఎనిమిది లేన్లతోనే (పీసీఐఈ దారిలోని వరుసలు) పనిచేసే కార్డు కాబట్టి, పీసీఐఈ 3.0 మాత్రమే ఉన్న బి450 మీద దాని దారి సగానికి ఇరుకవుతుందని భయపడ్డాము. సూత్రప్రాయంగా అది నిజమే. కానీ 8 జీబీ మెమరీ ఉన్న కార్డుకు చాలా గేముల్లో ఆ తేడా కంటికి కనిపించేంత ఉండదు. అసలు చిక్కు నాలుగే లేన్లు, 4 జీబీ మెమరీ ఉన్న ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డులకు వస్తుంది. అవే పాత బోర్డుల మీద వేగంలో గట్టిగా దెబ్బతింటాయి. డబ్బు బిగువుగా ఉన్నవారు బి450 తీసుకుని మిగిలినది ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకోవచ్చు. అయితే దుకాణంలో చాలాకాలంగా పడి ఉన్న బోర్డు అయితే 5600ను గుర్తించకపోవచ్చు కాబట్టి, బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, తెర మీద ప్రాసెసర్ పేరు చూపించిన తర్వాతే డబ్బు కట్టాలి.

ఇక ఎస్‌ఎంపీఎస్. నా దృష్టిలో ఈ మొత్తం బేరంలో తెలివి చూపించవలసిన చోటు ఇదే. 550 వాట్లని స్టిక్కరు మీద ఉన్న డబ్బా అప్పట్లో 900 రూపాయలకూ దొరికేది, 4,000కూ దొరికేది. రెండో దుకాణంలో నేను ఆ చవక డబ్బాను చేతిలోకి తీసుకుని పక్కనున్న పట్టిక చదివాను. 12 వోల్టుల వరుసలో 18 ఆంపియర్లు అని ఉంది. పన్నెండును పద్దెనిమిదితో గుణిస్తే 216 వాట్లు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ ప్రధానంగా బతికేది ఆ 12 వోల్టుల మీదే కాబట్టి, పెట్టె మీద ఎంత పెద్ద అంకె అచ్చు వేసినా మనకు దక్కేది అంతే. పైగా గ్రాఫిక్స్ కార్డుకు కావలసిన ఎనిమిది పిన్నుల కేబుల్ దానికి లేనే లేదు. హార్డ్ డిస్కులకు ఇచ్చే మోలెక్స్ పిన్నుల నుంచి ఒక కన్వర్టర్ తగిలిస్తామన్నారు. ఆర్‌ఎక్స్ 6600 పూర్తి పని మీద ఉన్నప్పుడు 132 వాట్లు తీసుకుంటుంది. ఆ కరెంటును అటువంటి సన్నని అతుకు గుండా పంపడం వేడి పుట్టించే పని. అక్కడికక్కడే వద్దని వచ్చేశాము.

మేము తీసుకున్న దాని మీద ఉన్న బ్రాంజ్ ముద్రకు అర్థం, సగం లోడు మీద పనిచేసేటప్పుడు గోడలోంచి తీసుకున్న కరెంటులో కనీసం 85 శాతం భాగాలకు చేరుతుందని. ఆ ముద్ర సామర్థ్యాన్నే చెబుతుంది, మన్నికకు హామీ ఇవ్వదు. అందుకే వారంటీ ఐదేళ్లు ఉన్నది అడిగి తీసుకున్నాము. మా సిస్టమ్ మొత్తం గేము ఆడేటప్పుడు సుమారు 250 వాట్ల దగ్గర తిరుగుతుంది. 450 వాట్లదైనా సరిపోయేది. ఎప్పుడైనా పెద్ద కార్డు మారుస్తాడేమోనని 550కి వెళ్లాము. దీనితోపాటే యూపీఎస్ మాట కూడా చెప్పుకోవాలి. ఇంట్లో ఉన్న పాత 600 వీఏ యూపీఎస్ నిజంగా ఇవ్వగలిగేది 360 వాట్లు మాత్రమే. మానిటర్‌తో కలిపినా లెక్క ప్రకారం సరిపోవాలి కానీ, గేము మధ్యలో కరెంటు పోయినప్పుడు రెండుసార్లు ఆ యూపీఎస్ కూతపెట్టి మొత్తం ఆపేసింది. బ్యాటరీ పాతబడి ఉండవచ్చు. వర్షాకాలం మొదలయ్యేలోగా 1100 వీఏది మార్చాము, ఆ తర్వాత ఆ బాధ లేదు.

విజయవాడ ఎండల గురించి వేరే చెప్పాలా? మా చెల్లెలి ఇల్లు సత్యనారాయణపురంలో రెండో అంతస్తు, పైన డాబా తప్ప మరేమీ లేదు, ఆ గదికి ఏసీ లేదు. మే నెలలో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగానే ఉంటుంది. అటువంటి గదిలో, ముందు వైపు నిండా అద్దం బిగించి లోపల మూడు రంగుల ఫ్యాన్లు తిప్పే క్యాబినెట్ ఎంత అందంగా ఉన్నా, ఆ ఫ్యాన్లకు పీల్చుకోవడానికి గాలి ఎక్కడిది? మా వాడు అద్దం దాని కోసమే పట్టుబట్టాడు. దుకాణంలో అసెంబ్లింగ్ కుర్రవాడే న్యాయం చెప్పాడు. ఒక కాగితం ముక్క తీసి ఆ అద్దం క్యాబినెట్ ముందు సందు దగ్గర పట్టుకుంటే కదలలేదు. జాలీ ఉన్న దాని ముందు పట్టుకుంటే జాలీకి అతుక్కుపోయింది. అంతటితో వాదన ముగిసింది. జాలీ క్యాబినెట్‌లో మొదటి వేసవిలో గంటసేపు గేము ఆడాక కార్డు 75 డిగ్రీల దగ్గర నిలబడింది. దాని ఇబ్బంది దుమ్ము. నెలకొకసారి ముందు జాలీ ఊడదీసి కుళాయి కింద కడిగి ఆరబెట్టాలి, లేకపోతే నాలుగు డిగ్రీలు పెరుగుతుంది.

దుకాణం పనితనానికి ఐదుకు మూడున్నర ఇస్తాను. సరుకు అసలుది, ప్రతి పెట్టెకూ సీలు ఉంది, ప్రతి భాగం సీరియల్ నంబరూ జీఎస్‌టీ బిల్లు మీద రాశారు. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అన్న మాట మిగిలిన రెండు చోట్లా విన్నాము, ఇక్కడ వినలేదు. పన్ను 18 శాతం అనేసరికి ఆశ పుట్టడం సహజమే కానీ, రేపు వారంటీకి వెళ్లినప్పుడు మనల్ని నిలబెట్టేది ఆ కాగితమే. ఆన్‌లైన్‌లో గ్రాఫిక్స్ కార్డు ఎనిమిది వందలు తక్కువకు కనిపించింది. ఏదైనా తేడా వస్తే మర్నాడే తెచ్చి ముఖాముఖి మాట్లాడవచ్చునని ఇక్కడే తీసుకున్నాము.

ఆ మర్నాడు రానే వచ్చింది. ఇంటికి తెచ్చాక మా వాడు టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ర్యామ్ వేగం 2400 అని ఉంది. డబ్బు కట్టింది 3200కి. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగు ఆన్ చేస్తే తప్ప ఆ ర్యామ్ తన అసలు వేగానికి రాదు, ఆ పని వారు చేయలేదు. అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు ర్యాములనూ పక్కపక్కనే గుచ్చారు. అలా పెడితే రెండూ ప్రాసెసర్‌కు వెళ్లే ఒకే ఛానల్ (దారి) మీద పడతాయి. ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులోనూ నాలుగో స్లాటులోనూ పెట్టాలి. సీపీయూ-జెడ్ అనే పరీక్షించే ప్రోగ్రాములో ‘సింగిల్’ అని కనిపించేదాకా మాకు ఆ సంగతి తెలియదు. ఒకే 16 జీబీ ర్యామ్‌కు బదులు రెండు 8 జీబీలు ఏరికోరి తీసుకున్నదే డ్యుయల్ ఛానల్ కోసం కదా! సరిచేశాక వాలరెంట్ గేములో సగటు ఫ్రేములు పెరగడం అటుంచి, మధ్యమధ్యలో పడే కుదుపులు పోయాయి. ఆ వాలరెంట్ కూడా మొదట తెరుచుకోలేదు. విండోస్ 11 మీద దానికి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి. బయోస్‌లో రెండూ ఆపేసి ఉన్నాయి. ఇక వారు ఉచితంగా వేసిచ్చిన విండోస్ లైసెన్సు లేనిదని తెలిశాక దాన్ని తుడిచేసి మళ్లీ వేసుకోవలసి వచ్చింది. ఫోన్ చేస్తే దుకాణం అన్నగారు నొచ్చుకుని, కుర్రవాణ్ణి ఇంటికి పంపుతానన్నాడు. అప్పటికే మేము చేసుకున్నామని చెప్పాను.

సెకండ్ హ్యాండ్ మాట చాలామంది అడుగుతున్నారు. 2025లో ఒక మిత్రుడి కోసం వాడిన కార్డులు చూశాము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి మన దగ్గర వాడిన సరుకు కొనేటప్పుడు, నడిపించి చూడటంతోపాటు వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య టార్చి వేసి ఒండ్రు ఆనవాళ్లున్నాయేమో, స్క్రూల తలలు తుప్పుపట్టాయేమో చూడటం అవసరం. మరొకటి, ఆర్‌ఎక్స్ 580 అనే పాత గ్రాఫిక్స్ కార్డు పేరు మీద తిరిగే వాటిలో అసలు రకానికి 2304 కోర్లుంటే, 2048ఎస్‌పీ అనే తోకతో వచ్చే రకానికి పేరులో చెప్పినన్నే ఉంటాయి. ఆ తోకను అమ్మేవారు చాలాసార్లు పలకరు.

ఇప్పుడు ఇందాక ప్రాసెసర్ దగ్గర చెప్పిన మెలిక దగ్గరికి వస్తాను. రెండో వేసవిలో గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లలో ఒకటి కరకరమని చప్పుడు మొదలుపెట్టింది. వారంటీ మూడేళ్లు ఉంది, బిల్లు థర్మల్ కాగితం కావడంతో ఏడాదికే అక్షరాలు వెలిసిపోయినా కొన్న రోజే తీసి పెట్టుకున్న ఫోటో పనికివచ్చింది. దుకాణం వారు కార్డు తీసుకుని సర్వీస్ సెంటర్‌కు పంపారు. తిరిగి రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. 5600లో లోపల గ్రాఫిక్స్ లేదు కాబట్టి ఆ పందొమ్మిది రోజులూ 57 వేల కంప్యూటర్‌లో తెర మీద బొమ్మ రాదు. మా వాడికి అదే వారంలో ప్రాజెక్టు రివ్యూ. ఆ ఒక్క విషయంలో 5600జీ కొన్నవాడు నిశ్చింతగా ఉండేవాడు.

చివరికి ఏలూరు రోడ్డులో పాత సరుకు అమ్మే చోట 900 రూపాయలు పెట్టి ఒక కార్డు తెచ్చి పెట్టాము, ఆ సాయంత్రమే తెర వెలిగింది. మొదటి చీటీలో మేము నవ్వుకుని వదిలేసిన జీటీ 730 అది. మరమ్మతైన కార్డు తిరిగి వచ్చాక దాన్ని అమ్మేద్దామంటే మా వాడు ఒప్పుకోలేదు. వార్తాపత్రికలో చుట్టి బీరువా పై అరలో బిల్లుల పక్కన దాచాడు.